పాత బల్లలకి కొత్త మచ్చలు

బాబాయికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ముందుగదికి సున్నం వేయించాను. సోఫా మళ్లీ సర్ది చూస్తే దానికి అటూ ఇటూ బోసిగా ఉంది. ఒక జత పక్కబల్లలు కావాలి. కొత్తవి వద్దు. ఇప్పుడంతా వింటేజ్ అంటున్నారు కదా, అలాంటివి. మోకాలెత్తు ఉండాలి, కాళ్లు గుండ్రంగా ఉండాలి, కింద పేపర్లు పెట్టుకోవడానికి ఒక అర ఉండాలి. కనీసం ముప్పై ఏళ్ల నాటివి కావాలి. నలభై ఏళ్లుగా పాత సామాన్ల మధ్య పాలిష్ పని చేస్తున్న మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడగను?

నెలాఖరులోగా చేరాలి. ఎందుకని అడక్కండి.

ఇట్లు,
మీ అన్న కూతురు

తా.క.: మా ఆయనకి చెప్పకండి. చెప్పినా ఆయన చెవికెక్కదనుకోండి, అది వేరే సంగతి.

*

మా హడావిడి తల్లికి ఆశీస్సులు.

నేను, మీ పిన్ని కులాసా. నువ్వు కూడా కులాసా అనే అనుకుంటున్నాను, కాకపోతే నీ ఉత్తరంలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పరిగెడుతున్నాయి.

నీ అదృష్టం బాగుంది. మీ వైపు నుంచి వచ్చిన పాత సామాన్ల లోడులో అచ్చం నువ్వు చెప్పిన జతే దొరికింది. కర్ర మంచి చేవ. కానీ ఏ ఇంట్లో పెరిగాయో, వాటి అవస్థ చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. వాళ్లకి చేతులున్నాయో లేదో గానీ కళ్లు మాత్రం లేవు. పదకొండు రోజులు ఉప్పుకాగితంతో రుద్ది, గాట్లలో లప్పం పెట్టి, అయిదు పూతలు పాలిష్ వేశాను. ఇప్పుడు బొట్టు పెట్టుకోవాలంటే అద్దం అక్కర్లేదు నీకు. లారీకి ఎక్కించాను.

ఉంటాను,
మీ బాబాయి

తా.క.: ఒక బల్ల అడుగున ఎవడో పిల్లాడు పెన్సిల్‌తో రైలు గీశాడు. పద్నాలుగు పెట్టెలు. దాని జోలికి పోలేదు. బల్ల అడుగు ఎవరు చూస్తారు?

*

బాబాయికి నమస్కారాలు.

నేను క్షేమంగా లేను. బల్లలు చేరాయి. ఎత్తు అదే, కాళ్లు అవే, అర అదే. కానీ నిన్న పుట్టినట్టున్నాయి. నేను పాతవి అడిగాను బాబాయ్. పాతవని తెలియాలి కదా. పక్కింటావిడ వచ్చి, "ఏ దుకాణంలో కొన్నారండీ?" అని అడిగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తిప్పి పంపుతున్నాను. మచ్చలున్నవి, గాట్లున్నవి, కుంటివి వెతకండి. దయచేసి ఉప్పుకాగితం పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పిన్నికివ్వండి. రోజులు లేవు.

ఇట్లు,
మీ అన్న కూతురు

తా.క.: లారీ డ్రైవరు దింపిన చోటే మళ్లీ ఎక్కించుకుంటూ నావైపు అదోలా చూశాడు.

*

అమ్మాయికి,

ఆశీస్సులు రాయాలో వద్దో తేల్చుకోలేక మూడు రోజులు ఉత్తరం ఆపాను. చివరికి రాయమంది మీ పిన్ని. అందుకని ఆశీస్సులు.

నలభై ఏళ్లలో నా చేతి పని తిరిగొచ్చింది ఇదే మొదటిసారి. పాతదనం వేరు, మురికి వేరు. పాతదనం కర్రలో ఉంటుంది, పైనున్నది జనం నిర్లక్ష్యం. ఆ మాత్రం తేడా నా ఇంటి పిల్లకి తెలియకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను, బల్లల్లో లోపం లేదు. ఎలాగూ వచ్చాయి కదా అని ఇంకో పూత వేశాను.

మీ బాబాయి (ఇంకా)

తా.క.: నువ్వు ఏదో దాస్తున్నావంటోంది మీ పిన్ని. మచ్చల కోసం ఇంత యాతన పడే మనిషిని తను ఇంతవరకు చూడలేదట.

*

బాబాయికి నమస్కారాలు, పిన్నికి రెట్టింపు.

పిన్ని కనిపెట్టేసింది. దాచి లాభం లేదు. నాకు వింటేజ్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదు.

మా ముందుగదిలో మా అత్తగారి పక్కబల్లలు రెండు ఉండేవి. సున్నం వేయిస్తూ సామానంతా వెనక వసారాలో పెట్టించాను. ఆ రోజే పాత సామాన్లవాడిని పిలిచి, వసారాలో విరిగిన బీరువా ఉంది, పట్టుకుపొమ్మన్నాను. "వసారాలో ఉన్నవన్నీనా అమ్మా?" అన్నాడు. నేను పొయ్యి మీద పాలు చూసుకుంటూ "అన్నీ" అన్నాను. బరువని సోఫా వదిలేశాడు. బల్లలు పోయాయి. తర్వాత వాడి దగ్గరికి పరిగెత్తితే, ఆ సరుకు ఎప్పుడో లోడులో కలిసిపోయిందన్నాడు.

అత్తగారు కంటి ఆపరేషన్‌కి కూతురింటికి వెళ్లారు. నెలాఖరుకి వస్తున్నారు. ఆపరేషన్ బాగా జరిగిందట, గోడ మీద నడిచే చీమల్ని లెక్కపెడుతున్నారట. ఎనిమిదేళ్లలో ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు బాబాయ్. ఆ ఒక్క మాట ఈ బల్లల వల్ల పడుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

అందుకని కొత్తవి వెతకొద్దు, ఉన్నవాటికే మచ్చలు పెట్టండి. ఒకదాని మీద గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ. రెండోదాని మూల ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ, పడవ ఆకారంలో. ఆ రెండోదానికే వెనక కాలు కాస్త పొట్టి, కింద మడత పెట్టిన అట్టముక్క.

ఇట్లు,
తప్పు చేసిన మీ అన్న కూతురు

తా.క.: బల్లలు పోయి అయిదు వారాలైంది. మా ఆయన ఇంకా గమనించలేదు.

*

పిచ్చితల్లికి ఆశీస్సులు.

ముందే చెప్పి ఉంటే నాకు పదకొండు రోజుల పని తప్పేది. తమాషా ఏమిటంటే, ఈ బల్లల మీదా ఇంచుమించు ఇవే మచ్చలుండేవి. ఆశ్చర్యపోకు. ఏ కొంప చూసినా ఇంతే, ఒక గ్లాసు, ఒక ఇస్త్రీపెట్టె, ఒక కుంటి కాలు. నేను ఎన్ని వందలు చూడలేదు?

తీయడం తప్ప పెట్టడం ఎరగని చేతులివి. రంపం పట్టుకుని కాలు దగ్గర అరగంట నిలబడ్డాను. ఇస్త్రీపెట్టె నా చేత కాలేదు, మీ పిన్ని పెట్టింది. నేను వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. చాలా బాధపడ్డానని నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మీ అత్తగారి దగ్గర నీకు మాట రాకపోతే అదే చాలు.

ఉంటాను,
మీ బాబాయి

తా.క.: వేడి గ్లాసు మూడుసార్లు పెట్టినా మచ్చ పడలేదు, నాలుగోసారికి పడింది. పాలిష్ అంత గట్టిగా వేశాను. ఎవరికి చెప్పుకోను?

*

బాబాయికి నమస్కారాలు.

అత్తగారు నిన్న వచ్చారు. తిన్నగా సోఫాలో తన చోట కూర్చుని, పక్కబల్ల మీద చెయ్యి వేసి, వేళ్లతో తడిమారు. తర్వాత మా ఆయన్ని పిలిచి, "దీన్ని తిరగెయ్యరా" అన్నారు.

అడుగున రైలుంది. పద్నాలుగు పెట్టెలు.

"జ్వరమొచ్చి బడి మానేసినప్పుడు దీని కింద పడుకుని గీశాడు వీడు" అన్నారు అత్తగారు. "ఇంజను నేనే నడిపేవాణ్ణి" అన్నాడు మా ఆయన. ఎనిమిదేళ్లుగా ఆ బల్లలు తుడుస్తున్నాను, వాటి అడుగున ఒక రైలుందని నాకు ఒక్కరూ చెప్పలేదు.

అత్తగారు బల్లని మళ్లీ సరిగ్గా పెట్టించి, కళ్లజోడు లేకుండా చాలాసేపు చూశారు. "బల్లలు మనవే. మచ్చలు మనవి కావు. రైలు ఉన్నదాని మీద గ్లాసు మచ్చ ఉండేది, ఇప్పుడు ఇస్త్రీ మచ్చ ఉంది" అన్నారు.

ఇక దాచేదేముంది? పాల దగ్గర్నుంచి పిన్ని ఇస్త్రీపెట్టె దాకా మొత్తం చెప్పేశాను. అంతా విని, "మచ్చలు పెట్టకముందు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. నిన్న పుట్టినట్టున్నాయని చెప్పాను.

ఆవిడ ఇస్త్రీ మచ్చని వేలితో ఒకసారి గీరి చూశారు. తర్వాత, "ఆ మచ్చలు పోగొట్టే మనిషి కోసం ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. అవి పోగొట్టుకుని బల్లలు ఇంటికొస్తే, నాకు చూపించకుండానే తిప్పి పంపేశావుటే? కాస్తయినా బుద్ధుండొద్దూ?" అన్నారు.

ఎనిమిదేళ్లలో నేను పడ్డ మొదటి మాట ఇది బాబాయ్. మీ పాలిష్ తరఫున పడ్డాను.

బల్లలు రేపు బయలుదేరుతున్నాయి. ఉప్పుకాగితం బయటికి తీయండి.

ఇట్లు,
మీ హడావిడి తల్లి

తా.క.: లారీ డ్రైవరు ఈసారి చిరునామా అడగలేదు. "మచ్చలు పెట్టడానికా, తీయడానికా?" అని మాత్రం అడిగాడు.