వైరు లేని మిషను

తమ్ముడూ,

ఉడుమలైపేట కొబ్బరి పీచుమిల్లు కప్పు మీంచి నువ్వు పడి ఇవాళ్టికి ఏడాది. నీ కాలికి డ్రిల్లు వైరు తగులుకుందని ఓనరు ఇంకా అంటున్నాడు. అందుకే స్క్రూలు బిగించే బ్యాటరీ మిషను, ఇంపాక్ట్ డ్రైవరు, కొన్నాడట! నీ కింద విరిగింది సిమెంటు రేకు కాదా? నడవడానికి పలక, నడుముకు తాడు అడిగితే మాత్రం కొనడు. పైగా అంగడిలో అన్నిటికంటే బలమైన మిషను ఏరుకొచ్చాడు. అది దడదడా కొట్టి బిగిస్తే రేకు నిలుస్తుందా?

ఇవాళ దానితో రేకులు బిగించడానికి నీ బావమరిది సెల్వం పైకెక్కాడు.

"దిగరా!" అని అరిచాను.

"సుమ్మా ఉండు బావా, అరవకు! వైరే లేదే, యెట్లా పడతాను?" అని నవ్వాడు.

సాయంత్రం క్షేమంగానే దిగాడు. కింద నిలబడి తలెత్తి చూశాను. బిగించిన ప్రతి స్క్రూ దగ్గరా సన్నని పగులు, అందులోంచి వెలుగు. రేపు మిగతా సగం కప్పు బిగించడానికి వాడు ఆ రేకుల మీదే నడిచి వెళ్లాలి.