పలక రాయి బ్రిడ్జి

15 అక్టోబరు 1966, శనివారం

చర్చిలో నేను వాయించడానికి వడ్రంగి దేవయ్య మామ చేసిన కరెంటు గిటారుకు ఇవాళ తీగలు బిగించాం. తీగలు ఆనే బ్రిడ్జిని నాయన పలక రాయితో చెక్కాడు. "మనకాడ ఇంత రాయి పెట్టుకొని మద్రాసు ఇత్తడి ఏంది?" అని రెండు నెలల కిందటే మామతో వాదించి మరీ ఆ పని తన మీద వేసుకున్నాడు. ముప్పై ఏళ్లు గనిలో పలకలు చీల్చిన మనిషి. రాయిని వేలితో తట్టి, మోత విని, లోపల పొర వదులుగా ఉందో లేదో చెప్పేసేవాడు. ఇప్పుడు ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు.

నిన్న నేనూ తట్టి చూశాను. పగిలిన కుండ మోత వచ్చింది. నోరు విప్పలేకపోయాను.

నాలుగో తీగ బిగిస్తుండగా రాయి పొరలుగా విడిపోయింది.

"రేపు ఆరాధనకు ఎట్లరా?" అని మామ తల పట్టుకున్నాడు. నేను సంచిలోంచి మద్రాసు ఇత్తడి బ్రిడ్జి తీశాను. తీయకుండా ఉండాల్సింది.

"ఇది ఎప్పుడు తెప్పించినావు?" అన్నాడు నాయన.

"నెలయింది నాయనా."

నాయన రాతి ముక్కలను తువ్వాలులో మూటకట్టుకుని ఒక్కడే ఇంటికి నడిచాడు. రేపు ఆ గిటారును ఏ చేతులతో ముట్టుకోను?

ఆయన రాయి చెక్కడం మొదలుపెట్టింది పోయిన వారమే.