ఇరవయ్యో పేరు

సెప్టెంబరు 12, శుక్రవారం
బడి ఆఫీసు గదిలోంచి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నేను క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి రాయను. మరదలికి మోకాలి నొప్పి తగ్గిందా?

నా ఫోన్ ఎత్తడం మానేశావు. తనిఖీ అధికారివి, హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడకూడదనుకున్నావేమో. అక్క ఉత్తరం చదవకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదుగా!

సోమవారం నువ్వు వచ్చి పిల్లల్ని లెక్కపెడతావు. ఇరవై కంటే తగ్గితే బడి మూసేసి, ఐదు కిలోమీటర్ల అవతలి బడిలో కలపమని కొత్త ఉత్తర్వు. పిల్లలు నడిచి వెళ్లేంత దూరంలో బడి ఉండాలని పాత చట్టం. రెండూ ఒకే ప్రభుత్వానివి, రెండూ నా బీరువాలో ఒకే ఫైల్లో ఉన్నాయి. వాటికి లేని తగువు నాకొచ్చి పడింది.

నాకున్నది పంతొమ్మిది మంది. పోయిన నెల దాకా ఇరవై. తాపీమేస్త్రి కూతురు అమ్మానాన్నలతో పనికి వలసపోయింది. ముప్పై రోజులు రాకపోతే పేరు కొట్టెయ్యాలి. ముప్పై ఒకటో రోజు పొద్దున్నే స్కేలు పెట్టి గీత గీసి, సంతకం కూడా చేశాను. వారం తిరక్కుండా ఈ ఉత్తర్వు వచ్చింది. నా కొంప నేనే ముంచుకున్నానురా.

దర్జీ కూతురికి ఒక కాలు పొట్టి. లారీల రోడ్డు దాటి అంత దూరం ఎలా పోతుంది? వాళ్లమ్మనడిగితే, పోన్లెండి టీచరుగారూ, ఇంట్లో గుండీలు కుట్టుకుంటుంది అంది. ఆవిడ ఏడవనైనా లేదు. ఆ పిల్ల ఈ వారమే భాగహారం నేర్చుకుంది. శేషం సున్నా వచ్చినప్పుడల్లా తనకు తనే చప్పట్లు కొట్టుకుంటుంది. దాని ముఖం చూడాలంటే నాకు భయమేస్తోంది.

ఇల్లిల్లూ తిరిగాను. బడి ఈడు పిల్లలున్న మూడిళ్లవాళ్లూ ప్రైవేటు బడి బస్సే ఎక్కిస్తామన్నారు. ఒకాయనైతే, ముందు మీవాళ్లని చేర్పించండి మేడం అని నవ్వాడు. తల కొట్టేసినట్టయింది.

రూలు రూలేనక్కా, నా చేతుల్లో ఏముంది అన్నావు కిందటిసారి. నాకు మాత్రం నువ్వు తప్ప ఇంకెవరూ కనబడటం లేదు.

నీ మీద కోపంతోనూ ఆశతోనూ,
అక్క

తా.క.: పిల్లల జాబితా ఈ ఉదయమే మీ ఆఫీసుకు పంపేశాను. అందులో ఇరవయ్యో పేరు నీ కూతురిది. చేర్పించే దరఖాస్తులో తండ్రి సంతకం ఉండాల్సిన చోట మేనత్తగా నేనే పెట్టాను. సోమవారం దాన్ని వెంట తీసుకొచ్చి ముందు బల్ల మీద కూర్చోబెడతావో, దొంగ పేరని అందరి ముందూ చెప్పి నా ఉద్యోగం ఊడగొడతావో నీ ఇష్టం. ఆ పేరు మాత్రం నేను కొట్టెయ్యను.