నీళ్లు ఆపిన సాళ్ల మీద మజ్జిగ

బెంగళూరు,
డిసెంబరు 8, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు వెంకయ్యకు, అక్క దీవించి రాయునది. నువ్వూ, లక్ష్మీ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను బాగానే ఉన్నాను. నిన్న లక్ష్మి ఫోనులో చెప్పిన మాట విన్నాక మనసు నిలవక ఇప్పుడు రాస్తున్నాను. ఫోనులో అడిగితే నన్ను ఊరడించటానికి ఏదో ఒకటంటావు. కాగితం మీదైతే ఆలోచించి రాస్తావు.

మనవరాలు మానస మన చేలో కోసి ఐసుపెట్టెలో తెచ్చుకున్న మిరపాకులతో పాటు నేనూ ఇక్కడికి వచ్చి ఏడు వారాలైంది. చలి తట్టుకుంటున్నాను. సాంబారులో బెల్లం వేస్తారు, అదొక్కటే మింగుడుపడదు. తను పొద్దున ప్రయోగశాలకు వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే నాకు మాట్లాడే మనిషి. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడవద్దు.

మానస నాకు చెప్పిందిది: జన్యువులో ఉన్న సూచనకు మొక్క అవసరాన్నిబట్టి నకలు తీసుకుంటుంది. ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ. ఇంతవరకు ఎవరి కంటా పడని నకలొకటి మన ఆకుల్లో దొరికింది. నీళ్లు పెట్టిన నాలుగు సాళ్లలో లేదు, నీళ్లు ఆపిన నాలుగు సాళ్లలో ఉంది. నీళ్లు చాలక మొక్క అలా చేస్తుందని మానస రాసుకుంది. శుక్రవారం గైడు ముందు చదవాలి. మూడేళ్ల కష్టం.

"నాయనమ్మా, నువ్వు నీళ్లు పెట్టిన, ఆపిన తేదీలన్నీ రాసిపెట్టబట్టే నాకిది దొరికింది" అంది.

నిన్న లక్ష్మి నవ్వుతూ అన్నదిది: "ఎండబెట్టిన సాళ్లని చూసి మీ తమ్ముడికి ప్రాణం ఆగలా వదినా. పుల్లమజ్జిగంతా వాటిమీదే చల్లేశారు. ఇంట్లో మజ్జిగపులుసుకి కూడా మిగల్చలా."

నాకు నవ్వు రాలేదు. ఆ నకలు దాహం వల్ల వచ్చిందో, మజ్జిగ వల్ల వచ్చిందో ఇప్పుడెవరు చెప్పగలరు? పురుగుమందు కొట్టావా అని అప్పట్లో నిన్ను అడిగాను, లేదన్నావు. తేదీల పక్కన అలాగే రాశాను. ఇంకేమైనా చల్లావా అని అడగాలని నాకు తోచలేదు. మొక్కలు వాడిపోతుంటే చూడలేవని తెలిసి కూడా అడగలేదు.

పెద్దమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. ఇక జరగాల్సినవి:

1. మజ్జిగ ఏ సాళ్ల మీద, ఎన్నిసార్లు, ఆకులు కోయకముందా, కోశాకా చల్లావో రాయి. గుర్తులేకపోతే లేదనే రాయి. నాకు నచ్చే జవాబు వద్దు.
2. ఆ మొక్కలు పీకవద్దు. వాటి మీద ఇక మజ్జిగ, వేపకషాయం, బూడిద ఏవీ పడకూడదు.
3. జవాబు మానస పేరుకే, జగ్గయ్యపేట వెళ్లి కొరియరులో పంపు.
4. నీ జవాబు కోసం నేను ఆగను. ఇవాళ మానస ఇంటికి రాగానే అంతా చెప్తాను. తను నీకు ఫోను చేసి గట్టిగా మాట్లాడితే, మారు చెప్పకుండా విను. ముందు నేను వింటాను.

అక్క,
రాజేశ్వరి