మర్పల్లిల లేని ఇంటిపేరు

తాండూరు,
ఆదివారం పొద్దుగాల

మల్లేశ్వర్ పెద్దనాయినకు దండాలు.

నేను మీ చిన్నాయన కొడుకు ఎంకయ్య బిడ్డను. నువ్వు ఫోన్ ఎత్తుతలేవని రాస్తున్న. నాయినకు ఇగ ఎక్కువ దినాలు లేవన్నడు డాక్టరు. నిద్ర లేక కండ్లు గుంజుతున్నయి, తప్పులుంటే ఏమనుకోకు.

కాలేజీల పాఠం చెప్పాలని, దేశంలకెల్లి ఎల్లగొట్టిన ఒక రష్యా తత్వవేత్త జీవితం నాయిన మంచం పక్కన కూసోని చదువుతున్న. పరాయి దేశంల ఆయనను సచ్చేదాంక ‘రష్యా ఆయన’ అనే పిలిచిన్రని చెప్పిన. నాయిన నవ్విండు.

"మన లెక్కనే బిడ్డా. మర్పల్లిల ఉండేటోళ్లను ఎవలన్న మర్పల్లోళ్లు అంటరా? ఊరు ఇడిసినంకనే మనకు ఆ ఇంటిపేరు," అన్నడు.

గొర్ల పంపకం కాడ మీ నాయిన మా తాతను మళ్ల ఊర్ల అడుగుపెట్టొద్దన్నడట. తప్పెవలిదో నేను అడగ, అంత ఓపిక లేదు. నాయిన మాత్రం ఆ మట్టిలనే పండుత అంటున్నడు. మీ చేను గట్టున జర జాగ ఇయ్యి.

సమాధి బండ మీద మర్పల్లి అని రాపియ్య. ఉత్త ఎంకయ్య అని రాపిస్త. గుర్తుపడ్తవు గదా, పెద్దనాయినా?