ఎంగేజ్ టోన్

సెప్టెంబర్ 3, 2015

మళ్లీ కాల్ కట్టయింది. చెల్లి అనిత పాతపట్నంలో ఆటో ఎక్కి నాకు ఫోన్ చేసింది. ఊరు దాటిందో లేదో గొంతు ఆగిపోయింది. తర్వాత ఎంతసేపు కొట్టినా నాట్ రీచబుల్.

పాతపట్నం నుంచి శ్రీకాకుళం దాకా ఆ రోడ్డంతా డ్రైవ్ టెస్ట్ చేసింది నేనే. కారులో లాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్‌లో కాల్ ఆన్‌లో ఉంచి, కారు పోతుంటే ఒక టవర్ ఆ కాల్‌ని ఇంకో టవర్‌కి సరిగ్గా అందిస్తోందో లేదో చూడడమే నా ఉద్యోగం. నా రిపోర్టులో ఈ రోడ్డు మీద ఒక్క కాల్ డ్రాప్ కూడా లేదు. సిగ్గేసింది.

సెప్టెంబర్ 5

ఇవాళ పాతపట్నంలో అనిత అత్తారింట్లో పెద్ద గొడవ. అనితకి మొదటి కాన్పులో ఫిట్స్ వచ్చాయి, బిడ్డ దక్కలేదు. ఈసారీ బీపీ ఎక్కువే. శ్రీకాకుళం డాక్టర్ సుహాసిని గారు రిపోర్టులు చూసి, ఇప్పుడే వచ్చి అడ్మిట్ అయిపొమ్మన్నారు. అత్తగారు లక్ష్మణమ్మ ససేమిరా అంది. నిండు నెలల మనిషిని దారిలో ఉన్న వంశధార దాటించకూడదట. నొప్పులొచ్చాక దాటితే దోషం లేదట. ఏం లెక్కో! నేను అరిచాను. ఆవిడ నాకంటే గట్టిగా అరిచింది. అనిత మొగుడు, మా బావ, లేచి డాక్టర్ గారికే ఫోన్ కలిపాడు.

చివరికి డాక్టర్ గారే ఒక దారి చెప్పారు. నొప్పులు మొదలవగానే అంబులెన్స్‌లో పంపండి, హెల్త్ సెంటర్ నర్సు హేమ పక్కనే ఉండాలి, ఏ ఇంజెక్షన్ ఎప్పుడో నేను ఫోన్‌లో చెబుతుంటాను, లైన్ మాత్రం తెగకూడదు అన్నారు. ఆ రోడ్డు మీద! సరేనన్నాను. ఏ నోటితో అన్నానో నాకే తెలీదు.

సెప్టెంబర్ 8

దొరికింది. బుర్ర గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

పాతపట్నంలో హేమ ఫోన్‌ని నేను చేతిలోకి తీసుకుంటే మెసేజ్ కనిపించింది, ఒడిశాకి స్వాగతం అని. ఊరి పక్కనే ఒడిశా వాళ్ల పర్లాకిమిడి టవర్. మన సిగ్నల్ పల్చగా ఉన్నచోట ఫోన్ పోయి దాన్ని పట్టుకుంటుంది. అంబులెన్స్ ఇటు బయల్దేరాక ఆ టవర్ దూరమైపోతుంది. నడుస్తున్న కాల్‌ని ఒడిశా నెట్‌వర్క్ నుంచి మన నెట్‌వర్క్‌కి అందించే ఏర్పాటే లేదు. వాళ్లు వదిలేస్తారు, మనం అందుకోం.

మరి నా టెస్ట్‌లో ఎందుకు పడలేదు? టెస్ట్ ఫోన్‌ని మా నెట్‌వర్క్ మీదే లాక్ చేసి తిప్పుతాం. రోమింగ్‌లోకి పోతే లాగ్ పాడవుతుందని. మా టీమ్‌లో అందరం అంతే. జనం ఫోన్లకి లాక్ ఎవడేస్తాడు?

హేమ ఫోన్‌నీ లాక్ చేసి చూశాను. హెల్త్ సెంటర్ లోపలికెళ్లగానే సిగ్నల్ సున్నా. అదీ కుదరదు.

సెప్టెంబర్ 9

విశాఖలో మా మేనేజర్ జగన్నాధం గారికి ఫోన్ చేశాను. ఒడిశా సర్కిల్ ఆఫీసు వాళ్లతో మాట్లాడాలంటే నెలలు పడుతుందన్నారు. పోనీ, ఫోన్లు ఊర్లోనే మనల్ని పట్టుకునేలా, మన టవర్ మీద ఒక యాంటెన్నాని ఊరి వైపు తిప్పుకుంటానన్నాను. కొత్త సర్వీస్ లాంచ్ అయ్యేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదట. రిపోర్ట్ క్లీన్‌గా ఉంది కదయ్యా, ఎవరిచ్చారు అది, అని నన్నే అడిగారు.

సెప్టెంబర్ 11

తిప్పించేశాను. పోతే ఉద్యోగం పోతుంది.

టవర్లెక్కే అసిరయ్య, పర్మిషన్ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. అబద్ధం. తిప్పాక మామూలు ఫోన్‌తో ఊర్లోంచి కారులో బయల్దేరాను. అదే చోట కట్. ఇంకొంచెం తిప్పమనేలోపు వాన మొదలైంది. గాలేస్తంది బాబూ, నానెక్కను అని అసిరయ్య దిగిపోయాడు. అతన్నేం అనను?

సెప్టెంబర్ 12

పొద్దున్నే ఎక్కి తిప్పాడు. ఈసారి కాల్ నిలబడింది. రెండోసారి వెళ్తే మళ్లీ తెగింది. ఇంకో రవ్వ కిందికి వంచమన్నాను. మూడోసారి నిలబడింది.

ఒక్కసారి నిలబడితే నిలబడినట్టా?

సెప్టెంబర్ 14, పదకొండున్నర

అనితకి నొప్పులు. ఇంకా టైముంది అనుకున్నాం. నేను శ్రీకాకుళం దారిలో నరసన్నపేటలో ఉన్నాను. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

పన్నెండు

అంబులెన్స్ కదిలిందని బావ చెప్పాడు. డాక్టర్ గారు లైన్‌లో ఉన్నారు. హేమ ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి అనిత తల దగ్గర ఉంచారట. హేమ ఫోన్‌లో కాల్ వెయిటింగ్ నేను ముందే తీసేశాను. ఇప్పుడు ఆ నంబర్ కొడితే ఎంగేజ్ రావాలి. రింగయిందంటే లైన్ తెగినట్టే.

ఎంగేజ్.

ఎంగేజ్. ఈపాటికి ఊరు దాటుంటారు.

భయమేస్తోంది, కొట్టలేకపోతున్నాను.

కొట్టాను. ఎంగేజ్. ఆ చోటు దాటేశారు! సారవకోట రావాలి. ఎంగేజ్. ఆ కూతంత కమ్మగా నాకెప్పుడూ వినపడలేదు.

అంబులెన్స్ నా ముందు నుంచే హైవే ఎక్కింది. అద్దంలోంచి హేమ వీపు మాత్రం కనపడింది. వెనకే బండి తీశాను.

వంశధార మీద మడపాం బ్రిడ్జి దగ్గర లారీ అడ్డం

ఎంగేజ్. వాళ్లు ముందు పోయారు, నేను ఇరుక్కున్నాను.

రింగయింది.

రింగవుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు. అమ్మా తల్లీ.

సెప్టెంబర్ 15

ఆడపిల్ల. ఏడుపు గట్టిగానే ఉంది. దారిలో అనితకి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట. ఆస్పత్రి గుమ్మంలో డాక్టర్ గారే ఎదురొచ్చి ఫోన్ కట్ చేశారు. హేమ ఆ ఫోన్‌ని స్ట్రెచర్ మీదే మర్చిపోయింది.

యాంటెన్నా ఎవరు తిప్పారని జగన్నాధం గారి మెయిల్. నేనే అని జవాబిచ్చాను.

సాయంత్రం అనిత కళ్లు తెరిచింది. నీళ్లు అడిగి, తాగి, నాతో అంది: "అన్నియ్యా, ఆ డాక్టరమ్మ పడుకోకే, పడుకోకే అని దారి పొడుగునా ఒకటే తిట్టడం. ఒక్క పాలి ఊరుకున్నాదంటే నాను అట్నించి అటే ఎలిపోదును."