నిమ్మకాయలు తొక్కించాక తెలిసింది

అద్దంకి, 8-3-2025

అక్కకు, పొద్దున్నే మిరపకాయలు ఆరబోశాను, పప్పు బాగుచేశాను. నీ ఫోన్ కలవక ఈ కార్డు.

నిన్న మేం కొన్న పాత కారుకు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఇన్సూరెన్స్‌కు వెళ్ళాం. అక్కడి అమ్మాయి కంప్యూటర్ చూసి, "ఈ కారు రెండేళ్ళ కిందటే తుక్కు చేసేసినట్టుందండీ" అంది. "మరి నేను నడుపుకొచ్చింది దేన్నమ్మా?" అన్నారు మీ మరిది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. పోలీసులకు చెప్పాం. అది రోడ్డెక్కకూడదట.

పద్దెనిమిదిన నీ కంటి ఆపరేషన్‌కు కారు రాదు. భయపడకు, ముందురోజే నేను బస్సులో సింగరాయకొండ వస్తాను. మీ వీధి సాల్మన్ ఆటో మాట్లాడి ఉంచు. కారం అయిపోయిందా? కొత్తది ఆడించి తెస్తాను. పిల్లలకు దీవెనలు.

నా కాన్పుకు నువ్వొచ్చి పక్కన కూర్చున్న బాకీ తీరినట్టు రాసుకో.

మల్లేశ్వరి